పులికి పెళ్లి చేసిన దుప్పులు

ఒకప్పుడు దుప్పికి తలెత్తే అలవాటే లేదర్రా. పొద్దున్నే గడ్డిలో మూతి పెట్టిందంటే పొట్ట బిర్రుగా నిండేదాకా తల దించుకునే ఉండేది. పక్కన చెట్టు విరిగిపడ్డా సరే, "ఏంటా చప్పుడు?" అని గడ్డినే అడిగేది. మీలో కొంతమంది అన్నం ముందు కూర్చున్నప్పుడు ఇలాగే ఉంటారు. పేర్లు చెప్పనులే, ముందు మూతి తుడుచుకోండి.

నల్లమల అడవిలో ఒక వాగు ఉండేది. వాగు పక్కన పెద్ద పచ్చిక బయలు. అందులో చుక్కల దుప్పుల మంద మేసేది. వాగు ఒడ్డున పొదల్లో ఒక ఆడపులి ఉండేది. పేరు బంగారి. దానికి తల్లీ లేదు, తండ్రీ లేడు, ఒక్కతే పెరిగింది.

ఆకలేస్తే బంగారి వేటాడేది అనుకుంటున్నారేమో. వేటాడాల్సిన పనేముంది! ఒళ్లు విరుచుకుని, ఓ ఆవలింత తీసి, నడుచుకుంటూ బయల్లోకి వచ్చేది. సంతలో వంకాయలు ఏరుకున్నట్టు అటూ ఇటూ తిరిగి, బాగా నిగనిగలాడే దుప్పిని చూసి పట్టుకుపోయేది. పక్కనున్న దుప్పి తల ఎత్తితే కదా తెలిసేది! సాయంత్రం వాగు దగ్గర నీళ్లు తాగేటప్పుడు మాత్రం, "మా ఆయన ఏడీ?", "మా అత్త ఏదీ?" అని వెతుక్కునేవి.

ఆ మందలో మల్లెచుక్క అని ఒక ఆడదుప్పి ఉండేది. దాని ఒంటి మీద చుక్కలు మల్లెమొగ్గల్లా ఉంటాయని ఆ పేరు పెట్టింది కొండముచ్చు తాత. అడవిలో ఎవరికి పిల్ల పుట్టినా బారసాల జరిపించి, చెవిలో పేరు చెప్పే పెద్దరికం ఆయనది. నల్లటి మూతి, తెల్లటి గడ్డం, పొడుగాటి తోక. అందరూ నల్లమూతి తాత అనేవాళ్లు. బారసాలకి పిలిస్తే ముందు ఫలహారం ఏమిటని అడిగి, తర్వాత పిల్ల ఎలా ఉందని అడిగేవాడు.

మల్లెచుక్క తొలిచూలు పిల్లని బంగారి ఎత్తుకుపోయింది. పిల్ల పక్కనే గెంతుతోంది, తల్లి తల దించుకుని మేస్తోంది. తలెత్తేసరికి పిల్ల లేదు. గడ్డి నలిగి ఉంది. పాపం, మల్లెచుక్క ఎన్నో రోజులు ఆ నలిగిన గడ్డి చుట్టూనే తిరిగింది. పొదుగులో పాలు నిండి నొప్పి పెడుతుంటే ఏడ్చేది. అంత దుఃఖం ఎవరికీ రాకూడదు.

మళ్లీ ఏడు మల్లెచుక్క కడుపుతో ఉంది. ఒకనాడు మంద మధ్యలో నిలబడి గట్టిగా చెప్పింది. "ఈ పిల్లని నేను పోగొట్టుకోను. బంగారి ఈ అడవిలో ఉండటానికి వీల్లేదు."

మందకి పెద్ద కొమ్ములయ్య. కొమ్ములు ఎంత పొడుగో, ఆలోచన అంత పొట్టి. నములుతూనే అడిగాడు. "వీల్లేదంటే? వెళ్లిపొమ్మని నువ్వు చెప్తావా దానికి?"

"చెప్పను మావయ్యా. పెళ్లి చేసి పంపిస్తాను."

మంద నమలడం ఆపేసింది. అడవి పుట్టాక అలా ఆపడం అదే మొదలు.

"అంతేగా మరి! ఆడపిల్ల పెళ్లయితే ఎక్కడికి పోతుంది? అత్తారింటికి పోతుంది. ఏటికి అవతల, కొండల వెనక, బాగా దూరం సంబంధం చూద్దాం. పసుపూ కుంకుమా పెట్టి సాగనంపుదాం. గొడవా ఉండదు, పోట్లాటా ఉండదు" అంది మల్లెచుక్క.

దుప్పులన్నీ ముక్కు మీద వేలేసుకున్నాయి. వేలు ఎక్కడిదని అడక్కండి, గిట్ట వేసుకున్నాయి.

అడవిలో సంబంధాలు కుదిర్చే పెళ్లిళ్ల పేరయ్య ఎవరనుకున్నారు? నక్క. బంగారి తిని వదిలేసిందే నక్క భోజనం. బంగారి వెళ్లిపోతే తన కంచం ఖాళీ అవుతుందని అది ఆలోచించాలా వద్దా? పెళ్లి విందు అనే మాట వినగానే నక్క బుర్ర పనిచేయడం మానేసింది. చెవులు నిక్కబొడుచుకుని ఆ సాయంత్రమే ఏరు ఈది వెళ్లి సంబంధం పట్టుకొచ్చింది.

"కుర్రాడి పేరు గండయ్య. ఏటవతల కొండల్లో సొంత గుహ. చారలు చూస్తే కళ్లు తిరుగుతాయి. నెమ్మదస్తుడు, మాట్లాడితే ఒట్టు" అంది నక్క.

బంగారికి చెప్తే సిగ్గుతో మూతి పంజాల్లో దాచుకుంది. కాసేపటికి వేళ్ల సందులోంచి అడిగింది. "అబ్బాయి ఏం చేస్తాడు పేరయ్య బాబాయ్?"

"ఏం చేస్తాడమ్మా, పడుకుంటాడు."

"అయితే నాకు ఇష్టమే" అంది బంగారి.

మగపెళ్లివారు మాట్లాడుకోవడానికి వచ్చారు. అత్తగారు మహా గడుసు మనిషి. మనిషి కాదులే, పులి. వాగు ఒడ్డున కూర్చుని మీసాలు దువ్వుకుంటూ, "పిల్ల బాగుంది. తల్లీ తండ్రీ లేరంటున్నారు. మరి పిల్ల తరఫు వాళ్లెవరు? పుట్టిల్లు అంటూ ఒకటుండాలి కదా" అంది.

మల్లెచుక్క ఎగిరి ముందుకొచ్చింది. చెట్టు మీద నుంచి నల్లమూతి తాత తోకతో దాని వీపు మీద తట్టాడు. "ఆగవే పిల్లా. పుట్టింటివాళ్లమని ఒక్కసారి అన్నామంటే పెళ్లితో తీరిపోదు. పిలుపులూ, పురుళ్లూ, అన్నీ ఉంటాయి. ఆలోచించుకుని చెప్పు" అన్నాడు మెల్లగా.

"అవన్నీ తర్వాత చూసుకుందాంలే తాతా" అని, మల్లెచుక్క గొంతు పెంచింది. "మేమే వదినగారూ! చిన్నప్పటినుంచి మా ఇంటి తిండి తిని పెరిగిన పిల్లే!"

అందులో అబద్ధం ఏమీ లేదు కదా.

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. వాగులో కప్పలు మేళం వాయించాయి. కొమ్ములయ్య కన్యాదానం చేశాడు, అది కూడా నములుతూనే. మగపెళ్లివారికి విందు ఏం పెట్టారని మాత్రం నన్ను అడక్కండి. ఆ ఏడు పక్క లోయలో అడవిపందులు ఎందుకు తగ్గిపోయాయో వాటినే అడగండి.

అప్పగింతల వేళకి మల్లెచుక్క మందకి ముందే చెప్పి పెట్టింది. "ఏడవండి. ఆడపిల్లవాళ్లు ఏడవకపోతే బాగోదు." దుప్పులు మొదట ఊరికే మూతులు ముడిచాయి. తర్వాత ఇన్నాళ్లూ పోయిన మొగుళ్లూ, అత్తలూ, పిల్లలూ గుర్తొచ్చారు. నిజంగానే బావురుమన్నాయి. బంగారి అది చూసి నిలబడిపోయింది. తన కోసం ఎవరైనా ఏడవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. మల్లెచుక్క మెడ మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. మెడ మీద పులి తల ఉంటే ఎవరైనా ఏడుస్తారు, మల్లెచుక్క కూడా ఏడ్చింది. అలా ఏడుస్తూ ఏడుస్తూనే బంగారిని ఏరు దాటించారు.

ఇక చూడండి ఆ మంద దర్జా!

పుట్టిన పిల్ల పుట్టినట్టే బతికింది. మల్లెచుక్కకి నేరేడు అనే ఆడపిల్ల పుట్టింది, గంతులేస్తూ పెరిగింది. ఆ మరుసటేడు ఇంకో పిల్ల. ఆ పై ఏడు నేరేడుకే పిల్ల. అందరి ఇళ్లలోనూ అదే వరస. ముసలివాళ్లు పోరు, చిన్నవాళ్లు పెరుగుతారు, మధ్యవాళ్లు కంటారు. రోజూ ఎక్కడో ఒకచోట బారసాల. నల్లమూతి తాతకి చెట్టెక్కే తీరిక లేదు.

మొదట పూల పేర్లు పెట్టాడు. అవి అయిపోతే పళ్ల పేర్లు. అవీ అయిపోతే ఆకుల పేర్లు, చెట్ల బెరళ్ల పేర్లు. ఒక పిల్లకి ముళ్లకంప అని పెడితే దాని తల్లి అలిగి ఫలహారం పెట్టకుండా పంపేసింది. చివరికి మల్లెచుక్కకి మళ్లీ ఆడపిల్ల పుడితే, తాత పిల్ల చెవిలో నోరు పెట్టి, చాలాసేపు ఆలోచించి, "చాలమ్మ" అన్నాడు. మన ఊళ్లలో కూడా వరసగా ఆడపిల్లలు పుడితే ఆ పేరు పెట్టేవాళ్లు ఉన్నారు, మీకు తెలుసుగా. మల్లెచుక్కకి కోపమొచ్చింది గానీ, పిల్ల ముద్దుగా ఆ పేరుకే పలకడం మొదలుపెట్టేసరికి ఊరుకుంది.

మధ్యలో ఆషాఢమాసం వచ్చేది. "కొత్త పెళ్లికూతుర్ని పుట్టింటికి తీసుకురావాలి కదర్రా" అని తాత గుర్తుచేసేవాడు. "ఈసారి వానలు ఎక్కువ తాతా" అనేవి దుప్పులు. మళ్లీ ఏడు, "ఈసారి వానలు తక్కువ తాతా" అనేవి. మూడో ఏడు ఆషాఢం వచ్చిందని తెలియనట్టే మేస్తూ ఉండిపోయాయి.

తర్వాత ఒకరొకరుగా మంద దగ్గరికి గొడవకి రావడం మొదలుపెట్టారు.

ముందు గిజిగాడు వచ్చాడు. "గూడు అల్లుకుందామంటే పొడుగు గడ్డి ఒక్క పోచ లేదు. నా పెళ్లాం నిన్న పుట్టింటికి వెళ్లిపోయింది. ఏం చేస్తారో చెప్పండి" అని రెక్కలు కొట్టుకున్నాడు. తర్వాత కుందేలు వచ్చింది. "దాక్కోడానికి పొద లేదు. గద్దకి నేను పళ్లెంలో వడ్డించినట్టు కనిపిస్తున్నాను" అంది. ఆ తర్వాత వాగులోంచి చేపలు తలలు పైకి పెట్టి, "వాన పడితే ఒడ్డు మీది మట్టంతా మా కళ్లల్లోకే వస్తోంది. మట్టిని పట్టుకునే గడ్డి ఏమైంది?" అని అరిచాయి.

"మేమేం చేశాం? గడ్డి తిన్నాం. గడ్డి తినడం కూడా తప్పేనా?" అని దుప్పులు బుంగమూతి పెట్టాయి.

చివరికి నక్క వచ్చింది. పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి. "నా బుర్ర నేనే కొరుక్కుని తినాలి. ఎంగిలి పెట్టేదాన్ని చేతులారా ఏరు దాటించాను" అని ఏడ్చింది. దానికి మాత్రం ఎవరూ ఓదార్పు చెప్పలేదు.

గడ్డి రాకపోవడానికి కారణం గడ్డినే పిలిచి అడుగుదామన్నాడు కొమ్ములయ్య. అదైనా మంచి ఆలోచనే. బయలు మధ్యలో ఇంకా ఒక్క గడ్డిదుబ్బు మిగిలి ఉంది. అందరూ దాని చుట్టూ చేరారు.

"ఏమయ్యా, ఎందుకు పెరగడం లేదు?" అన్నాడు కొమ్ములయ్య.

"ఎలా పెరగమంటావు?" అంది గడ్డి. గొంతు నీరసంగా ఉంది. "నేను ఒక చివురు వేస్తాను, నువ్వు కొరుకుతావు. సరేనని ఇంకోటి వేస్తాను, నీ కొడుకు కొరుకుతాడు. ఊపిరి పీల్చుకుందామనుకుంటే నీ మనవడు వేరు దాకా కొరుకుతాడు. వెనకటి రోజుల్లో ఇంతమంది లేరు మీరు. ఇక నావల్ల కాదు."

కొమ్ములయ్య జాలిపడ్డాడు. జాలిపడి, మిగిలిన ఆ దుబ్బుని కూడా తినేశాడు.

ఆ వేసవి నుంచి నవ్వులు లేవు అడవిలో. పెద్ద దుప్పులు చెట్ల బెరడు గీరి తిన్నాయి. ఉసిరి మొక్కలు, ఇప్ప మొక్కలు మోకాలెత్తు కూడా లేవలేదు. గిట్టల మధ్య పుండ్లు లేచి కొన్ని పడిపోయాయి. నల్లమూతి తాతని అప్పుడూ బారసాలకి పిలుస్తూనే ఉన్నారు. ఆయన చెట్లు దాటుకుంటూ వచ్చేసరికి పిల్ల ఉండేది కాదు. తల్లి ఒక్కతే నిలబడి ఉండేది. ఆయన ఆ తల్లి పక్కన కూర్చుని, నెమ్మదిగా లేచి వెళ్లేవాడు.

ఒకరోజు మల్లెచుక్క దగ్గరికి వచ్చి, చేతికందిన నాలుగు చివుళ్లు కింద పడేశాడు. "ఇవి తిను. తిని నేను చెప్పేది విను. పిల్లని పుట్టింటికి తీసుకురండి."

"ఏ పిల్లని?"

"ఎంతమందికి అప్పగింతలు పెట్టావే నువ్వు? బంగారిని."

మల్లెచుక్క చివుళ్లు నమలడం ఆపేసింది. "నా తొలిచూలు పిల్లని తిన్నది తాతా అది! దాన్ని నేను వెళ్లి పిలవాలా? చచ్చినా వెళ్లను" అంది. అక్కడినుంచి లేచి వెళ్లిపోయింది.

వెళ్లిందే గానీ, ఎంతదూరం వెళ్తుంది? చాలమ్మ పాలకోసం పొదుగు కుమ్ముతోంది. పాలు లేవు. పిల్ల మళ్లీ కుమ్మింది, మళ్లీ కుమ్మింది, ఆఖరికి కాళ్లు ముడుచుకుని కింద పడుకుంది. "అమ్మా, కాసేపు పడుకుని లేచి మళ్లీ తాగుతాలే" అంది. కానీ లేవలేకపోయింది.

మల్లెచుక్క పిల్లని నాకుతూ చాలాసేపు నిలబడింది. ఒక పిల్లని పులి తినేసింది. ఈ పిల్లని ఆకలి తినేస్తోంది. పులి వస్తే పారిపోడానికి పిల్లకి కాళ్లున్నాయి. ఆకలి నుంచి ఎటు పారిపోతుంది? అప్పుడు ఏడుస్తూనే నల్లమూతి తాత చెట్టు కిందకి వెళ్లింది.

"వెళ్తాను తాతా. ఆడపిల్ల ఇంటికి వట్టి చేతులతో ఎలా వెళ్లను? సారె పట్టుకెళ్దామంటే అడవిలో ఏముంది?"

తాత గడ్డం గోక్కున్నాడు. "పులి ఇంటికి దుప్పి తన కాళ్ల మీద తను నడిచి వెళ్తోంది. అంతకంటే సారె ఏం కావాలే పిచ్చిదానా" అన్నాడు. అని, వెంటనే నాలుక్కరుచుకున్నాడు. "ఊరికే అన్నాలే. భయపడకు. చాలమ్మని నేను చూసుకుంటాను, చివుళ్లు తెచ్చి పెడుతుంటాను. తొందరగా రా."

మల్లెచుక్క ఏరు ఈదింది. కొండలెక్కింది, దిగింది. గుహ దగ్గరికి వెళ్లేసరికి అత్తగారి గొంతు వినిపిస్తోంది.

"పెళ్లయి ఇన్నేళ్లకి కడుపు పండింది. నీ పుట్టింటివాళ్లు తొంగిచూశారా? ఆషాఢానికి పిలిచారా? సీమంతానికి వచ్చారా? తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఏరీ వాళ్లు? ఎప్పుడడిగినా వస్తారు వస్తారు అంటావు!"

"వస్తారత్తయ్యా" అంటోంది బంగారి. నిండు చూలాలు, ఆయాసపడుతోంది. గండయ్య పక్కన పడుకుని ఉన్నాడు. నక్క చెప్పిందాంట్లో అదొక్కటి నిజం.

మల్లెచుక్క గుహ ముందుకొచ్చి నిలబడింది. గట్టిగా పిలిచింది. "అమ్మాయ్ బంగారీ!"

బంగారి లేచి చూసింది. దాని మొహం ఎంత వెలిగిపోయిందో నేను చెప్పలేను. "చూశారా అత్తయ్యా, మా అక్క వచ్చింది!" అని పరిగెత్తుకుంటూ వచ్చింది. పులి పరిగెత్తుకుంటూ ఎదురొస్తుంటే నిలబడటం అంటే మాటలు కాదు. మల్లెచుక్క కళ్లు మూసుకుని నిలబడింది.

"ఇంత చిక్కిపోయావేంటక్కా? తినడం లేదా?" అని అడిగింది బంగారి.

ఆ మాటకి మల్లెచుక్క తట్టుకోలేకపోయింది. బంగారిని పొదల చాటుకి తీసుకెళ్లి, దాచుకోకుండా అంతా చెప్పేసింది. "నీ మీద ప్రేమతో పెళ్లి చేయలేదమ్మా. నిన్ను వదిలించుకోవడానికి చేశాం. ఆరోజు ఏడ్చింది కూడా నీ కోసం కాదు, నువ్వు తిన్నవాళ్ల కోసం. ఇప్పుడు మా అడవి ఎండిపోయింది. నా పిల్ల లేవలేకపోతోంది. నువ్వు లేకపోతే బతకలేమని తెలిసింది. కోపమొస్తే నన్ను ఇక్కడే తినెయ్, కానీ తిని అక్కడికి వెళ్లు."

బంగారి తోక ఊపుతూ అంతా వింది.

"నాకు అప్పుడే తెలుసక్కా" అంది. "పులిని ఎవరు ప్రేమగా సాగనంపుతారు? తెలిసినా, మీరే నా పుట్టింటివాళ్లని ఇక్కడ అందరికీ చెప్పుకున్నాను. వేరే ఎవరున్నారు నాకు? వస్తాను. కానీ వస్తే నేను గడ్డి తినను. ఆ సంగతి తెలుసుగా."

"తెలుసు."

"నా పిల్లలు కూడా తినరు."

మల్లెచుక్క తల వంచుకుంది. "తెలుసు. నా చాలమ్మని మాత్రం వదిలెయ్ బంగారీ. అదొక్కటే అడుగుతున్నాను."

"ఎలా గుర్తుపట్టనక్కా? మీ అందరికీ చుక్కలే. ఆకలేసినప్పుడు చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటానా? అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు." అంటూ బంగారి దగ్గరికి జరిగింది. "ఒక్క మాట ఇవ్వగలను. ఇంటి ఆడపిల్ల వస్తుంటే దారి వైపు చూసేవాళ్లు ఒకరైనా ఉండాలి. నేను చిన్నప్పటినుంచి మీ బయల్లోకి వచ్చాను, ఒక్కళ్లయినా తలెత్తి చూశారా? ఇకమీదట నేను వచ్చేటప్పుడు ఎవరు తలెత్తి నన్ను చూసి, వచ్చిందీ అని కేక వేస్తారో, వాళ్ల జోలికి రాను. వెనక్కి తిరిగి వెళ్లిపోతాను. చూడనివాళ్ల సంగతి నేను చెప్పలేను."

"ఒట్టు?"

"కడుపులో పిల్లల మీద ఒట్టు."

అలా బంగారి పురిటికి పుట్టింటికి వచ్చింది. వాగు ఒడ్డున పాత పొదల చోట రాళ్లే మిగిలాయి. అక్కడే చారల పిల్లల్ని కంది. నల్లమూతి తాత చెట్టు దిగకుండా, పైనుంచే అరిచి పేర్లు పెట్టాడు. పులిపిల్ల చెవిలో నోరు పెట్టేంత పెద్దరికం నాకొద్దు అన్నాడు. పేర్లు అయిపోయాయి కాబట్టి పెద్దదీ, చిన్నదీ అనే పెట్టాడు.

మల్లెచుక్క మంద అంతా తిరిగి ఒకటే మాట చెప్పింది. "రెండు పరకలు కొరకండి, తలెత్తి చూడండి. చూసి, నాలుగడుగులు పక్కకి వేసి, మళ్లీ రెండు పరకలు కొరకండి."

కొమ్ములయ్యకి చిరాకేసింది. "ఇదేం తిండి? మాటిమాటికీ తలెత్తితే ఒంటబడుతుందా? మా తాతలు ఎత్తారా?" అన్నాడు.

బాలింతకి ఆకలెక్కువ. ఒక పొద్దున బంగారి బయలుదేరింది. అప్పటికి తొలకరి పడి, అక్కడక్కడ చివుళ్లు లేస్తున్నాయి. చాలమ్మ కాళ్లీడ్చుకుంటూ ఒక పచ్చటి చోటికి చేరింది. ఎన్నాళ్ల ఆకలో! మూతి పెట్టింది, ఇక ఎత్తలేదు. అమ్మ చెప్పింది మొత్తం మరిచిపోయింది. బంగారికి ఎదురుగా కనిపించింది ఆ చిన్న వీపే. పొట్ట నేలకి ఆనించి, ఒక్కో అడుగూ వేసింది.

పైన కొమ్మ మీద నల్లమూతి తాత చూశాడు. అరవబోతే ఖళ్లుమని దగ్గొచ్చింది. ఆ దగ్గుకి మల్లెచుక్క తలెత్తింది. కాలు నేలకి టపటపా కొట్టి, ఉన్న బలమంతా పెట్టి అరిచింది. "చాలమ్మా! తలెత్తు!"

చాలమ్మ తలెత్తింది. నోట్లో పరక అలాగే ఉంది. ఎదురుగా, దగ్గరగా, పులి మొహం. ఆ చిన్నది వణుకుతూనే సన్నగా కేక వేసింది. "వచ్చిందీ!"

బంగారి ఆగిపోయింది. పంజా ఎత్తి ఉంది. దాని పొట్టలో ఆకలి కరకరమంటోంది, పొదల్లో పిల్లలు ఏడుస్తున్నాయి. అది మల్లెచుక్క వైపు చూసింది. మల్లెచుక్క ఊపిరి బిగబట్టి చూస్తోంది. బంగారి ఎత్తిన పంజా దించింది, తోక తిప్పుకుని, ఏమీ జరగనట్టు వెనక్కి నడిచింది. మల్లెచుక్క ఒక్క గంతులో పిల్లని చేరుకుని, దాన్ని నాకుతూ ఎంత ఏడ్చిందో! ఈసారి ఎవరూ ఏడవమని చెప్పలేదు.

మందంతా కేకలు వేస్తూ పరిగెత్తింది, ఒక్క కొమ్ములయ్య తప్ప. బయలు చివర ఆయన తల దించుకుని హాయిగా మేస్తున్నాడు. సాయంత్రం వాగు దగ్గర ఆయన లేడు. దుప్పులు ఆయన్ని తలుచుకుని బాధపడ్డాయి. నక్క మాత్రం చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిని, మూతి తుడుచుకుంటూ కనిపించింది.

వానలు దండిగా పడ్డాయి. దుప్పులు ఒకేచోట పాతుకుని మేయడం లేదు కాబట్టి గడ్డికి ఊపిరాడింది. కొరికిన చోటికి అవి మళ్లీ వచ్చేలోపు ఇంకో చివురు వేసుకునేది. మొక్కలు లేచాయి. మట్టి ఒడ్డునే నిలిచింది, వాగు తేటపడింది. మంద మునుపటంత పెద్దగా లేదు, మరీ చిన్నగానూ లేదు. గిజిగాడి పెళ్లాం తిరిగొచ్చింది. మల్లెచుక్క పొదుగులో పాలు పడ్డాయి. చాలమ్మ పాలు తాగుతూ తాగుతూ మధ్యలో మూతి తీసి, దారి వైపు ఒకసారి చూసి, మళ్లీ తాగేది.

అప్పటినుంచే దుప్పి రెండు పరకలు కొరికి తలెత్తుతుంది, చెవులు అటూ ఇటూ తిప్పుతుంది, దూరంగా దారి వైపు చూస్తుంది. ఎవరైనా భయమని చెప్తే నమ్మకండి. అది ఇంటి ఆడపిల్ల కోసం ఎదురుచూపు. ఆ పిల్ల ఇవాళ రాకపోతే బాగుండునని అనుకుంటుంది, అసలు రాకుండా పోతే ఎలాగని కూడా అనుకుంటుంది.